తప్పిపోయిన ఓటు

ఒక్క ఓటు తేడాతో ప్రధానమంత్రి పదవి పోయింది.

ఓడించింది ప్రతిపక్షం కాదు. సొంత పార్టీ సభ్యులే. నాయకుడిగా ఆయనే ఉండాలా, సాటి సభ్యురాలు ఐరిస్ వెన్ రావాలా అని పార్లమెంటు భవనంలో ఒక మేడగదిలో తలుపులు మూసుకుని రహస్యంగా ఓట్లేశారు. ఫలితం విని ప్రధాని లెనార్డ్ ఆక్‌రాయిడ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరే. రేపు పొద్దున రాజప్రాసాదానికి వెళ్ళి రాజీనామా ఇచ్చి వస్తాను" అన్నాడు. అంతే.

చీఫ్ విప్ గిల్బర్ట్ హార్న్‌బీకి అంత తేలిగ్గా మింగుడు పడలేదు. సభ్యుల్ని కూడగట్టడం, తలలు లెక్కపెట్టడం ఆయన పని. ఆ లెక్క ఏనాడూ తప్పలేదు. ఈసారి ఆ లెక్క ప్రకారం ఒక్క ఓటుతో గెలవాలి. ఒక్క ఓటుతో ఓడారు. అంటే మాటిచ్చిన వాళ్ళలో ఒకే ఒక్కడు అటు తిరిగాడు. వాడి పేరు తెలియకుండా రేపు ఆక్‌రాయిడ్ మొహం ఎలా చూడటం?

ఆక్‌రాయిడ్ హాలిఫాక్స్‌లో ట్రాము కండక్టరు కొడుకు. రెండుసార్లు ఓడి, మూడోసారి సభకొచ్చాడు. ఆ ఓడిన రోజుల్లో వానలో తడుస్తూ, పిండి జిగురు బకెట్టు మోసుకుంటూ గోడలకి పోస్టర్లు అంటించింది ఇద్దరే. ఒకడు గిల్బర్ట్. రెండోవాడు సెడ్రిక్ బ్యాస్కం. తర్వాత ఆక్‌రాయిడ్ మంత్రయ్యాడు, ఆరేళ్ళు దేశాన్ని ఏలాడు. గిల్బర్ట్ విప్ అయ్యాడు. సెడ్రిక్ ఏమీ అడగలేదు, ఏమీ కాలేదు. వెనక బెంచీలోనే ఉండిపోయాడు.

కిందటి నెల సెడ్రిక్ నియోజకవర్గంలో రైల్వే వర్క్‌షాపు మూసేశారు. సెడ్రిక్ నిండు సభలో లేచి సొంత ప్రభుత్వాన్నే కడిగేశాడు. ఓటింగుకి ముందురోజు ఐరిస్ వెన్‌తో మెట్ల మీద నిలబడి నవ్వుతూ కనిపించాడు.

అందరినీ అడిగి, ఆఖరున గిల్బర్ట్ టీ గదిలోకి వెళ్ళాడు. సెడ్రిక్ కాల్చిన బన్నుకి వెన్న రాసుకుంటున్నాడు.

"రా గిల్బర్ట్. ఏంటా మొహం? పదవి నీకే పోయినట్టుందే!"

"ఎవరికేశావు?"

"అది నన్ను అడగాల్సిన మాటేనా?"

"వర్క్‌షాపు మూసినందుకు కసి తీర్చుకున్నావా?"

కత్తి బన్ను మీదే ఆగింది. "నా కోపమంతా సభలో లేచి, పైకప్పు ఎగిరిపోయేలా చెప్పాను. చాటుగా చెప్పుకునేంత కోపం నాకెప్పుడూ రాలేదురా."

"మరి ఐరిస్‌తో ఆ ఇకిలింపులేంటి?"

"వాళ్ళ కుక్క పిల్లల్ని పెట్టింది. నాకొకటి ఇస్తానంది. దాన్ని కూడా పిలిచి విచారిస్తావా?"

పక్క బల్లవాళ్ళు నవ్వబోయి, గిల్బర్ట్ మొహం చూసి ఆగిపోయారు.

"మా పిల్లని బాప్తిస్మంలో ఎత్తుకున్నవాడివి. దాని మీద ఒట్టేసి చెప్పు."

సెడ్రిక్ కత్తి కింద పెట్టాడు. "ఇన్నేళ్ళ తర్వాత కూడా నీకు నా మాట చాలక ఒట్టు కావాలంటే, ఆ ఒట్టు మాత్రం ఏం చాలుతుంది?"

"అంటే నువ్వే!"

"సరే నాయనా, అలాగే అనుకో. టీ చల్లారిపోతోంది."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే కప్పులు పట్టుకుని వేరే బల్లలకి మారారు. టీ అందించే ఆవిడ మాత్రం ఏమీ అనకుండా చల్లారిన కప్పు తీసేసి, పొగలు కక్కే టీ తెచ్చి పెట్టింది. ఆ గదిలో సెడ్రిక్‌కి దక్కిన ఆదరణ అంతే.

బయట విలేఖరులు గిల్బర్ట్‌ని చుట్టుముట్టారు. "పాత స్నేహితుడే పొడిచాడు. పేరు నేను చెప్పకూడదు. రైల్వే వర్క్‌షాపు ఏ ఊళ్ళో మూతపడిందో చూసుకోండి" అన్నాడు.

తెల్లారేసరికి ప్రతి పేపర్లోనూ సెడ్రిక్ ఫొటో ఉంది.

డౌనింగ్ వీధిలోని ప్రధాని నివాసంలో ఆక్‌రాయిడ్ తన పుస్తకాలు తానే పెట్టెల్లో సర్దుకుంటున్నాడు.

"రా గిల్బర్ట్. సెడ్రిక్ ఏడీ? నాతో టిఫిను చేస్తానన్నాడు. మాటంటే మాటే, రాకుండా ఉండడే వాడు."

"మీరు పేపర్లు చూడలేదా?"

"ఓడిన మర్నాడు పేపరు ముట్టుకోకూడదని మా ఆవిడ పెట్టిన రూలయ్యా. నా మేలుకే."

"మిమ్మల్ని ముంచింది వాడే. నేను పట్టుకున్నాను. ఇప్పుడు దేశమంతా తెలిసింది. పొద్దుటి బండికి ఊరెళ్ళిపోయాడు. ఇక జన్మలో సభ గడప తొక్కనని చెప్పి మరీ వెళ్ళాడట. మొహం చెల్లొద్దూ?"

ఆక్‌రాయిడ్ చేతిలోని పుస్తకం పక్కన పెట్టాడు. మెల్లగా పెట్టె మీద కూర్చున్నాడు.

"సెడ్రికే అని నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమెందుకు? మనవాళ్ళందరినీ పేరుపేరునా నిలదీశాను. అందరూ ఒట్టేశారు. వెయ్యనిది వాడొక్కడే."

"అందరినీ అడిగావు, నన్ను తప్ప" అన్నాడు ఆక్‌రాయిడ్, "ఎవరి ఓటు వాళ్ళే వేసుకోవడం మర్యాద కాదని, ఒకరి ఓటు ఒకరికి వేసుకుందామని నేనూ ఐరిసూ చేతులు కలుపుకున్నాం, నేను మాత్రం మాట నిలబెట్టుకున్నాను గిల్బర్ట్."