శిష్యుడి వేషం

“మేడమ్, ఈ పెడల్ దేనికండీ?” అమాయకంగా అడిగాడు ఎర్రసిరా.

ఆమెకు నవ్వాగలేదు. ఎర్రపెన్నుతో ఎంతోమంది పైలెట్లను ఫెయిల్ చేసి ఆ పేరు తెచ్చుకున్న పెద్దమనిషి, పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నాడు మరి! విమానం నడపడం నేర్పే లైసెన్సుకు పరీక్ష అలాగే ఉంటుంది. పరీక్ష పెట్టేవాడు శిష్యుడిలా నటిస్తూ కావాలని తప్పులు చేస్తాడు. గురువు వాటిని పట్టుకుని దిద్దాలి.

“విమానం ముక్కు అటూ ఇటూ తిప్పడానికి బాబూ. కాలు చాపుకుని కునుకు తీయడానికి కాదు,” అంది.

“చిత్తం మేడమ్.”

ఎక్కే ముందే చెప్పాడాయన. “మొహమాటపడ్డావో మార్కులు పోతాయి. ఇంజను ఆపేదాకా నువ్వు మేడమ్‌వి. ఆ తర్వాత మామూలు అమ్మాయివే.”

ఆమెకిది మూడో ప్రయత్నం, ఆఖరిది కూడా. మొదటిసారి తొందరపడి కంట్రోల్ లాక్కుంటే, “శిష్యుణ్ణి చేయనివ్వకపోతే వాడు నేర్చుకునేదెప్పుడు?” అన్నాడు. రెండోసారి ఓపిక పడితే, “ప్రాణాలు పోయాక తీసుకుంటావా కంట్రోల్?” అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఈసారీ తప్పితే ఫ్లయింగ్ స్కూల్లో పాఠాలు చెప్పడముండదు. మళ్లీ ముందు గదిలో ఫోన్లెత్తుతూ కూర్చోవడమే.

గాల్లో ఎర్రసిరా రెచ్చిపోయాడు. ఎడమంటే కుడికి తిప్పాడు. ఎత్తు చూసుకోవడం మానేశాడు. ఆమె “కంట్రోల్ నాది” అన్నా స్టీరింగ్ వదల్లేదు.

“వదలమంటే వదలాలి బాబూ! ఏమిటా ఉడుంపట్టు? మీ ఇంట్లో టీవీ రిమోటనుకున్నావా?”

“తప్పయిపోయింది మేడమ్.”

ఆమె కడుపు నిండిపోయింది. ఆ రెండుసార్లూ తిన్న చివాట్లకు వడ్డీతో సహా ముట్టినట్టే.

“దించడం మాత్రం నాకు బాగా వచ్చు. చూస్తూ ఉండండి మేడమ్,” అన్నాడు రన్‌వే కనబడగానే.

‘గొప్పలు పోయే శిష్యుడన్నమాట. ఎంత బాగా కట్టాడు వేషం!’ అనుకుంది.

పక్కగాలి గట్టిగా ఉంది. చక్రాలు నేలకు తగిలీ తగలగానే విమానం ఎగిరిపడింది. ఎడమ రెక్క వాలింది. ముక్కు గడ్డి వైపు తిరిగింది.

‘ఇప్పుడు లాక్కుంటే తొందరంటాడు. ఇంకొక్క క్షణం...’ అనుకుంటూ ఆగింది ఆమె.

“అమ్మాయ్!”

“కంట్రోల్ నాది!”

ఈసారి వెంటనే వదిలేశాడు. ఆమె కుడి పెడల్ తొక్కిపట్టి, ఇంజను కాస్త పెంచింది. రెక్కలు సమానమయ్యాయి. విమానం గునుస్తూ గునుస్తూనే మధ్యగీత మీదికొచ్చి, నేలకు ఆని, నెమ్మదిగా ఆగింది.

ఇంజను ఆపారు. ఆయన ఎర్రపెన్ను తీసి పరీక్ష కాగితం మీద సంతకం పెట్టాడు.

“పాసయ్యావు. సరిగ్గా సమయానికి తీసుకున్నావు.”

ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ వెంటే అల్లరీ పుట్టుకొచ్చింది.

“ఏం నటన సార్! చేతులు కూడా వణికించారు. కాకపోతే ఒక్కచోట దొరికిపోయారు. కంగారులో మేడమ్ అనడం మర్చిపోయి, అమ్మాయ్ అన్నారు!”

ఎర్రసిరా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“దించేటప్పుడు నేను నటించలేదమ్మాయ్.”