గోడ చెప్పిన రెండంగుళాలు

“సార్, మీ గోడ అబద్ధం చెబుతోంది,” అన్నాడు కొత్త ట్రైనర్, మొబైల్ పైకెత్తి చూపిస్తూ.

కోచ్‌కి ఒళ్లు మండింది. ఈ వాలీబాల్ క్లబ్బులో ఎందరి ఎగురుడు కొలిచిందో ఆ గోడ! సీజన్ మొదట్లో నిలబడి చెయ్యి చాపిన చోట ఒక గీత, ఎగిరి తాకిన చోట సుద్ద మరక. రెంటికీ మధ్య ఎంతుంటే అంత ఎగిరినట్టు. ఇందులో అబద్ధానికి చోటెక్కడ?

“సీజన్ మొదటికంటే ఈ పిల్ల రెండంగుళాలు ఎక్కువ ఎగిరింది. కనబడ్డం లేదా?”

“పాదాలు గాల్లో ఎంతసేపున్నాయో చూసి యాప్ లెక్క కడుతుంది సార్. అప్పుడెంతో ఇప్పుడూ అంతే.” ట్రైనర్ గొంతు తగ్గించాడు. “మేనకోడలని మీరేమైనా...”

“నోరు జాగ్రత్త!”

తొమ్మిదో తరగతి చదివే ఆ మేనకోడలు బిక్కమొహం వేసుకుని ప్యాంటు కిందికి లాక్కుంటోంది. ఉతికినప్పుడల్లా కురచైపోతోందని వాళ్లమ్మ సబ్బుని తిట్టని రోజు లేదు. టీమ్‌లో మిగిలింది ఒక్క చోటు. ఎగురుడు పెరగలేదంటే అది పిల్లకి దక్కదు. గోడ తప్పని తేలితే మావయ్య పరువూ దక్కదు.

గొడవ విని క్లబ్ సెక్రటరీ వచ్చింది. ఇద్దరి వాదనా విని తల పట్టుకుంది.

“గోడా వద్దు, ఫోనూ వద్దు. సీజన్ మొదట్లో ఈ పిల్లకి అందని ఎత్తులోనే బంతి వేలాడదీయండి. కొడితే టీమ్‌లో ఉన్నట్టే.”

పిల్ల పరుగెత్తింది. ఎగిరింది. ఫట్‌మని కొట్టిన దెబ్బకి బంతి తాడుతో సహా గిర్రున తిరిగింది.

కోచ్ ముఖం చేటంత అయింది. “చూశావా? రోజూ పొద్దున్నే మెట్లెక్కించిన ఫలితం!”

ట్రైనర్ యాప్‌ని అటూ ఇటూ నొక్కి చూసి, ఫోన్ జేబులో పడేసుకున్నాడు. కోచ్‌కి జాలేసింది కూడా. “పోన్లే బాబూ, కొత్తలో అందరం పొరబడతాం,” అని భుజం తట్టాడు.

ఆ హుషారులోనే వచ్చే సీజన్‌కి కొత్త గీత గీద్దామని సుద్దముక్క తీశాడు.

“ఇలా రా తల్లీ. గోడకి ఆనుకుని నిలబడి చెయ్యి పైకి చాపు.”

పిల్ల చాపింది. చెయ్యి పాత గీత దాటి రెండంగుళాలు పైకి పోయింది.

“దొంగా! నా దగ్గరే వేషాలా? మడమలు కిందికి దించు,” అని నవ్వాడు కోచ్.

“నేల మీదే ఉన్నాయి మావయ్యా.”