ఎవరి కళ్ళజోడు వాళ్ళదే

“ఇది నీది కాదు కదా?” పింకీ ముఖం మీంచి కళ్ళజోడు తీస్తూ అడిగింది కిరణ్మయి.

పింకీది నాలుగో తరగతి. కళ్ళజోడు కాడ మీద ‘యశస్విని’ అన్న స్టిక్కరు ఉంది. వెనక బెంచీలో యశస్విని పెట్టుకున్నది స్వాతిది. స్వాతి పెట్టుకున్నది మౌనికది. ముప్పై ఇద్దరిలో తన పేరున్న కళ్ళజోడు పెట్టుకున్న పిల్ల ఒక్కతీ లేదు.

కిరణ్మయికి ఒళ్ళు మండింది. వారమంతా హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు కూర్చుని, శనివారం కూడా నిద్ర మానుకుని ఈ నార్సింగి బడికి రావడం ఎవరి కోసం? కళ్ళ డాక్టర్ని బతిమాలి తెచ్చింది తను. ఆయన ఒక్కొక్కరి పవరూ చెబుతుంటే లాప్‌టాప్‌లో ఎక్కించింది తను. పంపిణీ రోజు స్టేజీ మీద పెద్దలు వరసగా పిలవడానికి వీలుగా జాబితాను ఏ నుంచి జెడ్ దాకా అక్షరక్రమంలో పెట్టి, కళ్ళజోళ్ళ షాపుకు పంపిందీ, వచ్చాక స్టిక్కర్లు అంటించిందీ తనే. పరీక్షకు భయపడి అందరి వెనకా నక్కిన పింకీని చిట్టచివర చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టింది కూడా తనే.

“మైనస్ నాలుగు. ఈ పాపకి బోర్డే కనబడదమ్మా,” అన్నాడు ఆ రోజు డాక్టరు.

ఇక్కడ మూడు నెలలు సవ్యంగా నడిస్తే కెన్యా బడుల్లోనూ మొదలుపెడతామని, ఖర్చు భరిస్తున్న తన కంపెనీ లండన్ ఆఫీసు మాట. నడిపించడానికి వెళ్ళేది కిరణ్మయే. ఆ నివేదిక ఈ రోజే పంపాలి.

“ఎందుకు మార్చుకున్నావు? రంగు నచ్చిందా?”

పింకీ తల అడ్డంగా ఊపింది. మేడం ముఖం చూసి, ఎందుకైనా మంచిదని నిలువుగా కూడా ఊపింది.

ఆయా యాదమ్మ గుమ్మం దగ్గర్నుంచి అందుకుంది. “తిట్టకు మేడం. మొదట్ల ఎవలయి ఆళ్ళే పెట్టుకున్నరు. తలకాయ నొస్తుందని ఒకటే ఏడ్సుడు. ఇగ ఆళ్ళకాళ్ళే మార్చుకున్నరు.”

“కొత్తలో నొప్పి ఉంటుందండి, అలవాటవ్వాలని ముందే చెప్పానుగా. మీరైనా ఆపాలి కదా?”

“నాకేం ఎరుక మేడం. నేను సదువుకోలే.”

కిరణ్మయి కళ్ళజోళ్ళన్నీ బల్ల మీద పోగు పెట్టించింది. స్టిక్కరు చదువుతూ ఎవరిది వాళ్ళకు ఇచ్చింది.

“మిమ్మల్ని నమ్మాను. ఇంత మోసం చేస్తారా?” అంది. చిన్నపిల్లల ముందు ఆ మాట అన్నందుకు తనకే సిగ్గేసింది గానీ, మోసపోయిన బాధ ముందు సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది? అందరి చేతా ఒట్టు వేయించింది.

“చదువు మీద ఒట్టు. ఎవరి కళ్ళజోడు వాళ్ళమే పెట్టుకుంటాం.”

అందరికన్నా గట్టిగా అన్నది పింకీయే. ‘పింకీ’ అని స్టిక్కరున్న కళ్ళజోడు పెట్టుకుని, బెంచీలు తడుముకుంటూ వెళ్ళి కూర్చుంది. ఏడుపుతో కళ్ళు మసకేశాయి కాబోలు అనుకుంది కిరణ్మయి.

కారులో కూర్చుని టీమ్ లీడ్‌కి మెయిల్ రాసింది. ‘పిల్లలకు కళ్ళజోళ్ళ విలువ తెలియదు. ఆటవస్తువుల్లా మార్చుకుంటున్నారు. పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు. ఇక్కడితో ఆపేయమని నా సలహా.’ మరోసారి చదువుకోకుండానే పంపేసింది.

పది నిమిషాల్లో టీమ్ లీడ్ ప్రశాంత్ ఫోన్ చేశాడు.

“చూశాను కిరణ్మయీ. లండన్‌కి కూడా పంపేశా. కొత్త బడులు ఆపేస్తున్నారు. నువ్వు జాబితా జతచేయడం మర్చిపోయావు.”

“ఇప్పుడే పంపుతానండి.”

కిరణ్మయి లాప్‌టాప్ తెరిచింది. షాపుకు పంపిన జాబితా అది. పింకీ ఎక్కడుందా అని చూసింది. మధ్యలో ఎక్కడో ఉంది, పక్కన పవరు ప్లస్ ఒకటి. కిరణ్మయి వేలు కిందికి, చిట్టచివరి వరసకు జారింది. యశస్విని, మైనస్ నాలుగు.

అక్షరక్రమంలోకి మారింది పేర్లు మాత్రమే, పక్కన పవర్లు కాదు.