తమ్ముడి గుండె గోడ

ఇరవై ఏడేళ్లుగా లారీలు నడుపుతున్న తమ్ముడు పరీక్ష గదిలో బల్ల మీద ఎడమవైపు ఒత్తిగిలి పడుకున్నాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడని అక్కే పట్టుబట్టి రప్పించింది. గుండె స్కానింగు తీయడమే ఆమె ఉద్యోగం.

తెర మీద గుండె గోడ దళసరిగా కనిపించింది. ఆమె రెండుసార్లు కొలిచింది. కొలత మారలేదు.

"ఏంటక్కా, మాట్లాడవు?"

"బీపీ వల్ల గుండె గోడ మందమైందిరా. నిన్నా మొన్నా వచ్చింది కాదు, పాతికేళ్ల వయసులోనే మొదలై ఉంటుంది."

"పాతికేళ్లప్పుడా? ఉద్యోగంలో చేరేటప్పుడు నువ్వే కదా చూశావు! నార్మల్ అని రాసిచ్చావు. ఆ ధైర్యంతోనే మళ్లీ ఎక్కడా చూపించుకోలేదు."

అప్పటికామె ఇంకా స్కానింగు పనిలోకి రాలేదు, కొత్త నర్సు. మూడుసార్లు చూసినా బీపీ ఎక్కువే వచ్చింది. ఆ అంకె రాస్తే తమ్ముడికి ఉద్యోగం రాదని తగ్గించి రాసింది. ఉద్యోగంలో చేరాక చెబుదామనుకుంది. చేరాక పెళ్లి కుదిరింది. పెళ్లయ్యాక ఇక నోరు రాలేదు.

"ఒరేయ్, ఆ రోజు..." అంది.

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "బాధపడకక్కా. ఆ రోజు నువ్వు చూసినదాంట్లో తప్పుండదు. ఈ మిషనే ఏదో తేడాగా చూపిస్తోంది. మీవాళ్లకి చెప్పి బాగు చేయించు."