గుండెలో ఉండేది

పుంగనూరు బస్టాండులో మదనపల్లె బస్సు కిక్కిరిసి ఉంది.

దీపికకు ఒక్క సీటే ఖాళీగా కనిపించింది. దానిమీద తువ్వాలు పరిచి ఉంది.

“తువ్వాలు తీయప్పా, కూర్చుంటా.”

“మనిషి వస్తాడమ్మా. వచ్చే స్టాపులో ఎక్కుతాడు,” అన్నాడు పక్క సీట్లోని ముసలాయన.

కండక్టరు ఉషారాణి విసుక్కుంది. “రాని మనిషికి సీటేందప్పా? ఆడోళ్లు నిలబడుకోనుండేది కనపడ్లేదా?”

“టికెట్టు ఫ్రీ గానీ సీటు ఫ్రీ గాదులేమ్మా!” అన్నారెవరో వెనకనుంచి.

తర్వాతి స్టాపులో ముసలాయన కిటికీలోంచి సగం బయటికి వంగి చూశాడు. ఎవరూ ఎక్కలేదు.

“ఏమప్పా, పెండ్లికూతురు రాలేదా?” అంది మళ్లీ వెనక గొంతు.

అందరూ నవ్వారు. ఉషారాణి కూడా.

ఆయన తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

దీపిక కూర్చుని ఫోను తీసింది. ఓ ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి ఈరోజు డెమో క్లాసు చెప్పాలి. ఎమ్మే చేసి, పెళ్లయి, ఇన్నేళ్లు ఇంట్లోనే ఉండిపోయాక దొరికిన మొదటి అవకాశం.

పాఠం ‘కరేజ్’ అనే ఒక్క మాట. ఎక్కడ పుట్టింది, అర్థమేమిటి.

గుండె అనే అర్థమున్న పాత మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిందట. అంతవరకు బాగానే ఉంది. కానీ ఒకప్పుడు గుండెలో ఏముంటే అదే కరేజట. కోపం, గర్వం, కోరిక, అన్నీ. మరి ధైర్యం ఒక్కటే ఎలా మిగిలింది?

ఎంత చదివినా తికమకగానే ఉంది.

పక్కాయన చేతులు వణుకుతున్నాయి.

“జొరమాప్పా?”

“కాదమ్మా. బయం.”

“దేనికి?”

ఆయన నోరు తెరిచాడు. ముందు సీట్లలోవాళ్లు వింటున్నారేమోనని చూసి మూసుకున్నాడు.

మదనపల్లెలో దిగాక దీపిక వెనకే వచ్చాడు.

“అమ్మా, ఆ గేటు దాకా తోడొస్తావా? కాళ్లు కదలడం లేదు.”

రోడ్డుకు అవతల పెద్ద ఇనప గేటు. పైనున్న బోర్డు చదివే తీరిక దీపికకు లేదు.

“పట్టపగలు రోడ్డు దాటేదానికీ బయమేనా? నాకు టైమైపోతాందప్పా.”

“సరే పో తల్లీ. నీ పని సూసుకో.”

ఆటోలోంచి వెనక్కి చూస్తే, ఆయన ఇంకా రోడ్డుకు ఇవతలే నిలబడి ఉన్నాడు.

పాఠం బాగానే నడిచింది. చివర్లో ప్రిన్సిపాల్ రాజగోపాల్ అడిగాడు.

“గుండెలో ఉండేదంతా కరేజే అంటున్నారు. భయం ఉండేదీ గుండెలోనే కదమ్మా?”

ఆ ప్రశ్నకు జవాబు ఫోనులో లేదు.

“భయం లేకపోవడమే కరేజ్ సార్,” అనేసింది దీపిక. “పొద్దున బస్సులో ఒకాయన...”

తువ్వాలు సంగతి, గేటు సంగతి చెప్పింది. ఆయన చేతులు ఎలా వణికాయో చేసి చూపించింది.

పిల్లలు పగలబడి నవ్వారు. రాజగోపాల్ కూడా నవ్వి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

సాయంత్రం తిరుగు బస్సులోనూ ఉషారాణే కండక్టరు. టికెట్టు కొడుతూ ఆగింది.

“పొద్దున మనం నవ్వుకుంటిమే, ఆయప్ప పేరు ఎల్లప్పంట. కోర్టుకు వచ్చినాడంట. బస్టాండులో అందరూ అదే చెప్పుకుంటాండారు.”

“ఆ గేటు కోర్టుదా?”

“ఊ. క్వారీలో కూలోడిని కొట్టి సంపిన కేసు. సూసినోళ్లంతా ఒక్కొక్కరే మాకు తెల్దనేసినారు. ఈయన జతలో సాక్షి చెప్తానన్నోడు గూడా పొద్దున బస్సెక్కలేదు.”



“మరి ఈయన?”

“వణుక్కుంటానే చెప్పినాడంట. కొట్టింది ఓనరేనని, జడ్జి ముందర.”

దీపిక బస్సంతా కలయజూసింది. ముందు సీట్లు, వెనక సీట్లు, ఫుట్‌బోర్డు.

“ఈ బస్సుకు రాలేదే? ఇంటికి పోలేదా?”

“ఏ ఇంటికి పోతాడమ్మా?” అంది ఉషారాణి. “ఆయప్ప ఆ క్వారీకే కాపలా మనిషి, ఉండేది ఆ ఓనరు కొట్టంలోనే.”