స్పీకర్లో గొంతు

వారం రోజులు నేను నోరు మెదపకపోతే మా ఇంట్లో దానికి ఒకటే అర్థం. ప్రేమ.

"ఎవుణ్ణో సూసుకోనుండాదయ్యా నీ కూతురు," అంది అమ్మ.

"అదేం గాదులే. బీయెడ్డు సదివించినాం గదా, మనతో మాట్లాడాలంటే నామోషీ," అన్నాడు నాయన.

నా గోడు వేరు. అలిపిరిలో మా కొట్టు ముందు పెట్టడానికి నాయన ఒక స్పీకరు కొని, గిరాకీల్ని పిలిచే మాటలు నా చేత రికార్డు చేయించాడు. మర్నాడు అటు వెళ్తూ విన్నాను.

"లండి స్వామీ, లండి! లుద్లాక్షలు!"

'ర' ఉన్నచోటల్లా 'ల' పలుకుతోంది. ఇన్నేళ్లూ నేను ఇలాగే మాట్లాడుతున్నానా? ఒక్కరైనా చెప్పలేదేం? ఈ నాలుకతో పిల్లలకేం పాఠం చెబుతాను? చిత్తూరు స్కూల్లో ఇంటర్వ్యూకి పోకూడదనుకున్నాను. మాట్లాడటమే మానేశాను.

ఈరోజు తెగించి కొట్టుకు వెళ్లాను. "నాయనా, నా గొంతు తీసెయ్."

నాయన తెల్లబోయాడు. "నీది యాడుండాది పాపా? నేనేదో నొక్కితే ఆ పొద్దే సెరిగిపాయ. ఇది మీయమ్మ సెప్పింది గదా!"

స్పీకరు పక్కన నిలబడి మళ్లీ విన్నాను. అవును, అమ్మే. నన్ను ముద్దుచేసినా తిట్టిపోసినా ఆ నోటితోనే. పుట్టినప్పటి నుంచి వింటున్నా అందులో నాకు ఒక్క వంకా వినిపించలేదు.

"రండి స్వామీ!" అని గట్టిగా అరిచి చూశాను. అచ్చం అమ్మలాగే 'లండి' అనే వచ్చింది. కొండ దిగి వస్తున్న ఇద్దరు గుండు స్వాములు నవ్వుతూ మా కొట్టువైపు తిరిగారు.

"ఇంగ తీసెయ్యాల్నా?" అన్నాడు నాయన.

"వద్దు. సౌండు పెంచు."

సోమవారం చిత్తూరు వెళ్తున్నాను.