కుట్టు ఫంక్షను

విరాళం అడగబోతే అచ్యుతరామరాజుగారు రొయ్యల రేటు పడిపోయిందని అరగంట ఏడ్చి, మజ్జిగిచ్చి పంపేశారు.

సూర్యకళకి ఒళ్ళు మండింది. కూతురి గుండెలో చిల్లు, ఆపరేషను దగ్గరపడింది. "మా పాపకి కుట్టించే ఫంక్షనండి, తప్పకుండా రావాలి" అని ఊరంతా పిలిచింది. అలా పిలిస్తే ఎవరైనా చెవులే అనుకుంటారు. పందిట్లో మైకు పెట్టించింది.

చదివింపులు మొదలయ్యాయి. తన బావమరిది పేరున పదివేలని మైకులో వినపడగానే రాజుగారు ఎంగిలి చేత్తోనే లేచారు. "నాది పాతిక!"

బావమరిది ముప్ఫై అన్నాడు.

"యాభై! గట్టిగా చదవవయ్యా, వాడికి వినపడాలి!"

సూర్యకళకి భయమేసింది. రాజుగారి పక్కకొచ్చి గొణిగింది. "తప్పైపోయిందండి. కుట్టేది చెవులు కాదండి, గుండె."

"చాల్లేమ్మా. పిల్ల చెవులకి అంతంత బుట్టలు ఊగుతుంటే, ఊళ్ళో ఎవరికీ కళ్ళు లేవనుకున్నావా?"

సూర్యకళ చంకలో పిల్లని చూసి నాలిక్కరుచుకుంది. బుట్టలు తియ్యడం మర్చిపోయింది.

రాజుగారు అప్పటికే మైకు వైపు తిరిగారు. "మా బావమరిది డెబ్బై అంటున్నాడు, చదువు!"

నోటినిండా పూతరేకున్న బావమరిది తలూపాడంతే.